వంతెనకి తద్దినం

కంటిగెడ్డ మంగ్లుకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అక్షరాలు చెక్కిన రాయి ఎక్కడ కనపడినా దాని ముందు కూలబడి ఏడుస్తాడు. ఏడ్చి ఊరుకుంటే ఫరవాలేదు. డప్పు కొట్టిస్తాడు, రాయికి పసుపు రాస్తాడు, కోడిని కోయిస్తాడు, ఊరందరినీ కూర్చోబెట్టి అన్నం పెడతాడు. పైగా ఏటా అదే రోజుకి మళ్ళీ వచ్చి, కిందటేడు ఎక్కడ ఆపాడో అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెడతాడు. మంత్రులకీ, ఎమ్మెల్యేలకీ, ఇంజనీర్లకీ మంగ్లు ఏడుపంటే ఒళ్ళుమంట. మండదూ మరి? ఆ కొండల్లో అక్షరాలు చెక్కిన రాళ్ళన్నీ వాళ్ళవే. శంకుస్థాపన రాళ్ళు.

ఇందులో మంగ్లు తప్పేమీ లేదు. పెదబయలు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఆ ఊళ్ళలో రాయి పాతారంటే అర్థం ఒక్కటే, ఎవరో పోయారని. మనిషి పోతే పొలిమేరలో ఒక నిలువురాయి పాతుతారు. పాతినవాళ్ళు కోడి తేవాలి, ఊరు అన్నం వండాలి, ఏడాదికోసారి తలుచుకోవాలి. అంతే శాస్త్రం. ఇంకా పుట్టనిదానికి రాయి పాతే ఆచారం ఒకటి లోకంలో ఉందని మంగ్లుకి ఎవరూ చెప్పలేదు. అది సర్కారువారి ఆచారం. వాళ్ళు ముందు రాయి పాతేస్తారు, పుట్టడం పుట్టకపోవడం దాని అదృష్టం.

మంగ్లుకి ఈ జబ్బు అంటించినవాడు జగన్నాథరావు. పాలకొండ వైపు మనిషి, రోడ్ల పనులు చూసే ఒక ఆఫీసులో వర్క్ ఇనస్పెక్టరు. తొంభై నాలుగులో ఏజెన్సీకి బదిలీ అయితే "ఏడాది తిరక్కుండా వచ్చేస్తానే" అని భార్య అసిరమ్మకి మాటిచ్చి కొండెక్కినవాడు పద్నాలుగేళ్ళు దిగలేదు. పేరుకి వర్క్ ఇనస్పెక్టరే గాని, ఆ రోజుల్లో వర్కూ లేదు, ఇనస్పెక్షనూ లేదు. శంకుస్థాపనలు మాత్రం పుష్కలంగా ఉండేవి. రాయి చెక్కించడం, జీపులో వేసుకు రావడం, సిమెంటు పోసి నిలబెట్టడం, దానికి పరదా కట్టడం, మంత్రిగారు తాడు లాగినప్పుడు పరదా చిక్కుకోకుండా చూడడం. అన్నిట్లోకీ ఆఖరిదే కష్టం. పరదా చిక్కుకుందా, ఇంక్రిమెంటు చిక్కుకున్నట్టే.

తొంభై ఐదు ఫిబ్రవరిలో కంటిగెడ్డకి వంతెన వంతు వచ్చింది. కంటిగెడ్డ అంటే ఊరి పేరూ అదే, ఊరి ముందు పారే వాగు పేరూ అదే. వేసవిలో ఆ గెడ్డని మేకపిల్ల కూడా దాటేస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏనుగు కూడా దాటలేదు. ఆ అయిదు నెలలూ ఊరు లోకంలో ఉండదు. సంత లేదు, మందు లేదు, మాస్టారు లేడు. మాస్టారు వేసవిలోనూ ఉండేవాడు కాదనుకోండి, అది వేరే కథ. అంతకుముందు వానాకాలంలో మంగ్లు భార్య చిట్టెమ్మ నెత్తిన రాగుల గంప పెట్టుకుని సంతకి పోతూ గెడ్డలో కొట్టుకుపోయింది. మూడో రోజుకి ఇవతలి ఒడ్డున దొరికింది. దొరికినచోటే మంగ్లు కొండరాయి ఒకటి తెచ్చి పాతాడు.

మంత్రిగారి కారు ఇవతలి ఒడ్డు దాకానే వస్తుంది. కాబట్టి జగన్నాథరావు తన నల్లరాయిని కూడా అక్కడే, చిట్టెమ్మ రాయికి నాలుగడుగుల దూరంలో నిలబెట్టాడు. ఆ కొండరాయి ఏమిటో అతనికి తెలియదు. "భలే, దీనికి ఆనించి షామియానా గుంజ కట్టొచ్చు" అని సంతోషించాడు కూడా.

ముహూర్తానికి మంగ్లు ఊరివాళ్ళతో గెడ్డ దాటి వచ్చాడు. చూద్దుడు కదా, తన రాయి పక్కన ఇంకో రాయి. నల్లగా నిగనిగలాడుతూ, బంగారు రంగు అక్షరాలతో, పూలదండలతో. చుట్టూ తెల్లబట్టల పెద్దమనుషులు. మంగ్లు కొండ అదిరేలా ఒక్క కేక పెట్టి, వెళ్ళి మంత్రిగారిని వాటేసుకున్నాడు.

"నా ఆడదాయి కోసరం ఇంత దూరం వొచ్చినావా బాబూ! నా సిట్టెమ్మకి ఇంత పెద్ద రాయి పాతినావా బాబూ!"

మంత్రిగారు బిక్కచచ్చిపోయారు. జగన్నాథరావు వైపు తిరిగి "ఏమిటయ్యా ఇది?" అన్నారు.

"ఆనందబాష్పాలండీ."

"ఇంత గట్టిగానా?"

"ఇక్కడివాళ్ళు ఆనందమైనా గట్టిగానే పడతారండీ."

అని చెప్పి జగన్నాథరావు మంగ్లుని పక్కకి లాక్కుపోయాడు. అతని ఒక చేతిలో పరదా తాడు. పరదా అప్పటికే సగంలో చిక్కుకుని ఉంది.

"ఓరి నాయనా, నీకు దండం పెడతాను, నోరు ముయ్యరా."

"మూసేత్తాను బాబూ. ఒక్క మాట సెప్పు. ఆ రాతలో నా సిట్టెమ్మ పేరున్నాదా?"

జగన్నాథరావు రాయిని చూశాడు, పరదాని చూశాడు, వాచీ చూసుకుంటున్న మంత్రిగారిని చూశాడు. ఉందంటే ఊరుకుంటాడు. లేదంటే ఊరుకోడు.

"ఉంది" అన్నాడు.

"ఎక్కడున్నాది?"

"అదిగో, అన్నిటికన్నా పైన. పెద్దక్షరాలు."

అన్నిటికన్నా పైన పెద్దక్షరాల్లో ఉన్నది మంత్రిగారి పేరు.

"మరి కిందన ఇన్ని పేర్లేటి?"

"చుట్టాలు."

"సిట్టెమ్మకి ఇంతమంది సుట్టాలా!" మంగ్లు బుగ్గలు నొక్కుకున్నాడు. "బతికున్నప్పుడు ఒక్కుడూ రాలేదు కద బాబూ!"

జగన్నాథరావు చిక్కుకున్న పరదాని విడిపించడానికి వెళ్ళబోయాడు. మంగ్లు కళ్ళు తుడుచుకుని, "రాయి పాతినోడివి నువ్వు. కోడి నువ్వే తేవాల" అన్నాడు. ఆ సాయంత్రం జగన్నాథరావు కోడి తెచ్చాడు. తెచ్చి ఊరుకోలేదు, వాళ్ళతో కూర్చుని, ఆకులో వడ్డించింది తిన్నాడు. "దారినపోయే తద్దినాన్ని ఇంటికి పిలవడమంటే ఇదే" అని తనని తాను తిట్టుకుంటూ తిన్నాడు. ఆ తద్దినం ఏటేటా ఉంటుందని అప్పటికి తెలియదు పాపం.

మరుసటేడు ఆసుపత్రికి రాయి పడింది. మంగ్లు డప్పుతో సహా హాజరు.

"ఇది ఎవులిది బాబూ?"

ఈసారి జగన్నాథరావు తెలివితేటలకి పోయాడు. "మనిషిది కాదు మంగ్లూ. ఆసుపత్రిది."

"అయ్యో! ఆసుపత్రి పోనాదా? ఎన్నేళ్ళది?"

"ఇంకా పుట్టందే."

"కడుపులోనే పోనాదా, పాపం!"

అని మంగ్లు ఏడుపందుకున్నాడు. ఆసుపత్రి తరవాత నీళ్ళ ట్యాంకు పోయింది. దాని తరవాత బడి పోయింది. టెలిఫోను ఎక్స్ఛేంజి పోయినప్పుడు, అదేమిటో తెలియకపోయినా పేరు పెద్దదిగా ఉందని మంగ్లు ఇంకాస్త ఎక్కువే ఏడ్చాడు. నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు గాని, ఒక్కసారైనా అతని ఏడుపు తప్పు పోయిందా? పోలేదు. అతను ఏడ్చిన ఏ రాయి వెనకాల నుంచీ ఒక్క గోడ లేవలేదు. రేడియోలో వాన కబురైనా అప్పుడప్పుడు అబద్ధమయ్యేది. మంగ్లు డప్పు మాత్రం ఎన్నడూ అబద్ధం కాలేదు.

దాంతో పెద్దలకి బెంగ పట్టుకుంది. శంకుస్థాపన తేదీలు రహస్యంగా పెట్టుకున్నారు. ఒకాయన తెల్లారగట్ల వచ్చి రాయి పాతుకుని దొంగలా వెళ్ళిపోయాడు. ఎన్నికల్లో అయితే ఒక పార్టీ వాళ్ళు మంగ్లుని జీపెక్కించుకుని, ఎదుటి పార్టీ వాళ్ళ రాళ్ళన్నిటి దగ్గరా ఏడిపించారు. పదకొండు రాళ్ళు. మంగ్లు గొంతు పోయేలా ఏడ్చాడు. సాయంత్రం తిరిగొస్తూ వీళ్ళ పార్టీ రాయి కనపడగానే జీపు ఆపమని దిగి దానికీ ఏడవడానికి కూర్చున్నాడు.

"ఇది మనది! దీనికి ఏడవకూడదు!" అని మొత్తుకున్నారు వాళ్ళు.

"సావుకి పార్టీ ఏటి బాబూ?" అన్నాడు మంగ్లు. వాళ్ళతణ్ణి అక్కడే దింపేసి వెళ్ళిపోయారు. తొమ్మిది మైళ్ళు నడిచి ఊరు చేరాడు.

ఇంతవరకూ నవ్వే కథ. ఇక నవ్వు రాని ముక్క ఒకటుంది. అది కూడా చెప్పకపోతే జగన్నాథరావుని వెనకేసుకొచ్చినట్టవుతుంది.

తొంభై ఏడు మార్చి నెలాఖరు. మార్చి నెలాఖరంటే సర్కారు ఆఫీసుల్లో వంతెనలు వాటంతటవే పూర్తయిపోయే కాలం. ఇంజనీరు ప్రేమ్‌కుమార్ పనుల లెక్క రాసే పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కంటిగెడ్డ వంతెన పూర్తయినట్టు రాశాను. పనులు చూసినవాడివి నువ్వు, ఇక్కడ సంతకం పెట్టు."

"అక్కడ ఇంకా ఇటుకైనా పడలేదు కదండీ."

"ఏప్రిల్లో కట్టేస్తారోయ్. ముందు కాగితం కట్టనీ. నువ్వొక్కడివీ పెట్టకపోతే ఆగుతుందనుకున్నావా? సీలేరు అవతలికి బదిలీ అవుతావు, అంతే."

జగన్నాథరావు సంతకం పెట్టాడు. డబ్బు తీసుకోలేదు, టీ కూడా తాగలేదు. ఒట్టి పిరికితనంతో పెట్టాడు. ఆ ఏప్రిల్ రాలేదు. వంతెనని తిన్న కాంట్రాక్టరు ఒళ్ళు చేసి రాజకీయాల్లోకి వెళ్ళాడు. ప్రేమ్‌కుమార్ ప్రమోషను మీద విశాఖపట్నం వెళ్ళాడు. జగన్నాథరావు ఫిబ్రవరిలో కోడి పట్టుకుని కంటిగెడ్డ వెళ్ళాడు. ఆ ఏడు ముద్ద గొంతు దిగలేదు. "ఏటి బాబూ, ఉప్పు సరిపోలేదేటి?" అని మంగ్లు అడిగితే, "సరిపోయింది" అని తలొంచుకుని తిన్నాడు.

ఆ తరవాత ప్రతి వానాకాలం గెడ్డ పొంగిన కబురు వచ్చినప్పుడల్లా, ఎవరైనా కొట్టుకుపోయారేమోనని అతనికి నిద్ర ఉండేది కాదు. రెండువేల మూడులో ఆ ఊరి సుక్రు ఎద్దు గెడ్డలో పోయింది. మనిషి కాదు, ఎద్దే కదా అని ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాడు. బదిలీ అవకాశం రెండుసార్లు వచ్చినా వెళ్ళలేదు. అసిరమ్మ ఫోనులో "ఆ కొండల్లో ఏటుందయ్యా నీకు?" అని నిలదీస్తే "తద్దినం ఉందే" అనేవాడు. ఆవిడకి అర్థమయ్యేది కాదు.

ఈలోగా పక్కనున్న రాళ్ళగరువులో ఒక వింత జరిగింది. అక్కడా ఇలాంటి కాగితపు కల్వర్టే ఒకటుంది. ఊరివాళ్ళు నిజం చెప్పారు. "అయ్యా, ఇక్కడ కల్వర్టు కట్టనేలేదు" అని అర్జీ పెట్టారు. నిజం కాబట్టి వెంటనే కేసయింది. ఫైలు కోర్టుకెళ్ళింది. కేసు తేలేదాకా అక్కడ తట్టెడు మట్టి కూడా వెయ్యకూడదన్నారు. ఏడేళ్ళయినా తేలలేదు. రాళ్ళగరువు పిల్లలు ఇప్పటికీ మొలలోతు నీళ్ళలో బడికి పోతున్నారు. మన దేశంలో నిజానికున్న గౌరవం అలాంటిది, దాన్ని కోర్టులో భద్రంగా దాస్తారు.

రెండువేల ఏడులో మంగ్లు కూతురు సోని రంగంలోకి దిగింది. అంగన్‌వాడీలో పనిచేస్తోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, అగ్గిరవ్వ. సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టింది: కంటిగెడ్డ వంతెన సంగతేమిటని. నెలరోజులకి జవాబొచ్చింది, జతగా నకళ్ళు: వంతెన పూర్తయింది, పదేళ్ళయింది, కింద ఇన్ని సంతకాలు. సోని ఆ జవాబు పట్టుకుని ఊరుకుంటుందా? పైకి రాసింది. విచారణకి ఆర్డరు పడింది. విచారణ అధికారి ఉమామహేశ్వరి అని కొత్తగా ఉద్యోగంలో చేరినావిడ. దారి చూపించడానికి ఆవిడ జీపులో వెనక సీటులో కూర్చున్నవాడు, ఇంకెవరు, జగన్నాథరావే.

దారిపొడుగునా అతనికి చెమటలు. సస్పెన్షను ఖాయం, పెన్షను గోవింద. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. మంగ్లు ముందు ఆవిడ ఆ పుస్తకం తెరుస్తుంది. పన్నెండేళ్ళు తన కోడి కూర తిన్న మనిషి తన సంతకం చూస్తాడు. దానికన్నా గెడ్డలో దూకడం నయమనుకున్నాడు. అది ఏప్రిలు, గెడ్డలో మోకాలు లోతు కూడా లేదు.

ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. ఉమామహేశ్వరి దిగి, కాగితాలు తీసి, అటూ ఇటూ చూసింది.

"వంతెన ఎక్కడ?"

జగన్నాథరావు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు వినిపించింది డప్పు. దాని వెనకాల ఆ కేక. పన్నెండేళ్ళుగా ఎరిగిన కేక.

"సచ్చిపోనాదమ్మా! మా వంతెన సచ్చిపోనాదమ్మా!"

మంగ్లు నల్లరాయి ముందు కూలబడ్డాడు. జగన్నాథరావు కళ్ళు తెరిచాడు.

"చచ్చిపోవడమేమిటి?" అంది ఆవిడ.

"గెడ్డొచ్చి కొట్టుకుపోనాదమ్మా. ఒక్క వానాకాలం బతికినాది. పురిటిబిడ్డ. అదుగో రాయి. ఏటేటా దినం సేత్తన్నాం. కావలిస్తే ఈ మండలం అంతా అడుగు."

"నిజంగా ఇక్కడ వంతెన ఉండేదా?"

"ఉండేదమ్మా! ఏడు స్తంభాలు!" అన్నాడు సుక్రు.

"తొమ్మిది" అంది ముసలి కనక. "నీలంరంగు. నడుత్తుంటే కాళ్ళకి సల్లగా ఉండేది తల్లీ. అలాటి వంతెన మరి పుట్టదు."

చచ్చినవాడి కళ్ళు చారెడంత అని ఊరికే అన్నారా? పది నిమిషాల్లో ఆ వంతెనకి లేని గుణం లేదు. దాని మీద సంత జరిగేదన్నారు. దాని మీద రెండు పెళ్ళిళ్ళయ్యాయన్నారు. అది ఎవర్నీ ఒక్క మాట అనేది కాదన్నారు. జగన్నాథరావుకి తల తిరిగింది. ఇన్నాళ్ళూ అది లేదని తెలిసినవాడు తనొక్కడే అన్నట్టుంది వరస.

ఉమామహేశ్వరి కాగితాలు తిరగేసింది. "రాయి మీద తొంభై ఐదు అనుంది. వంతెన పూర్తయింది తొంభై ఏడులో. పుట్టకముందే దినాలు చేశారా?"

"సర్కారోళ్ళు ముందు రాయి పాతుతారమ్మా" అన్నాడు మంగ్లు కళ్ళు తుడుచుకుంటూ. "తరవాత సంపుతారు."

ఆవిడ పెదవి బిగపట్టుకుంది. నవ్వో కోపమో తెలియలేదు. సోని వైపు తిరిగింది. "అర్జీ పెట్టింది నువ్వే కదా. నువ్వు చదువుకున్నదానివి, నిజం చెప్పు. వంతెన చూశావా?"

సోని మొహం కందగడ్డలా ఉంది. నకళ్ళు ఆ పిల్ల చేతిలోనే ఉన్నాయి. ఒకసారి జగన్నాథరావుని చూసింది, ఆ చూపుకి అతను చచ్చి బతికాడు. తరవాత తండ్రిని చూసింది. మంగ్లు చిట్టెమ్మ రాయి మీద చెయ్యేసి కూర్చున్నాడు, అంతే.

"సూసినాను మేడమ్" అంది సోని, పళ్ళ మధ్యనించి. "బాగుండేది."

"మేడమ్మగోరూ" అన్నాడు మంగ్లు. ఇప్పుడు గొంతులో ఏడుపు లేదు. "రాళ్ళగరువోళ్ళ కల్వర్టు సావలేదంట. కోర్టులో ఉన్నాదంట. మాది సచ్చిపోనాది. సచ్చినదాని యెనకాల ఇంకోటి పుడతాది కదమ్మా. కోర్టులో ఉన్నదాని యెనకాల ఏటి పుడతాది?"

ఆవిడ కలం ఆగింది. తరవాత రాసింది: వరదలో కొట్టుకుపోయినది, గ్రామస్థులందరూ సాక్షులు, కొత్త వంతెన తక్షణ అవసరం. ఊరంతా వేలిముద్రలు వేశారు. జిల్లాలో ఇంత పకడ్బందీగా రుజువైన చావు ఇంకొకటి లేదు.

తిరుగు ప్రయాణంలో జీపు ఘాటు రోడ్డు దిగుతుంటే జగన్నాథరావు ఉండలేకపోయాడు.

"మేడమ్, ఆ వంతెన నేను..."

"మిమ్మల్ని నేనేమీ అడగలేదు జగన్నాథరావుగారూ. వాళ్ళేమీ చెప్పలేదు." ఆవిడ వెనక్కి తిరగలేదు. "నిజం రాస్తే మీరొక్కరే దొరుకుతారు. తిన్నవాళ్ళు దొరకరు. ఊరికి వంతెన ఇంకో ఇరవయ్యేళ్ళు రాదు. నాకు చేతనైంది ఇంతే, నాకూ అసహ్యంగానే ఉంది. కొత్త వంతెన దగ్గర మిమ్మల్నే వేయిస్తాను. ఈసారి చూసి పెట్టండి సంతకం."

కొత్త వంతెనకి మళ్ళీ శంకుస్థాపన జరిగింది. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? పాత వంతెనని తిన్న కాంట్రాక్టరే. ఇప్పుడాయన గౌరవనీయులు. కొట్టుకుపోయిన వంతెనని తలుచుకుని మైకులో గద్గదమయ్యాడు కూడా. తిన్నది గుర్తొచ్చి ఉంటుంది. మంగ్లు డప్పుతో వచ్చి, రాయి చూసి, "ఇది ఎవులిది బాబూ?" అన్నాడు.

"దీనికి ఏడవకు మంగ్లన్నా" అన్నాడు జగన్నాథరావు. "ఇది పుడుతుంది."

"సూద్దాం" అని మంగ్లు డప్పు చంకలోనే పెట్టుకున్నాడు.

ఏడాది పాటు జగన్నాథరావు గెడ్డ ఒడ్డున రేకుల షెడ్డులో కాపురముండిపోయాడు. సిమెంటులో ఇసక రవ్వంత ఎక్కువైతే మేస్త్రీతో కొట్లాడాడు. ఊచ సన్నగా ఉందని లారీని వెనక్కి తిప్పి పంపాడు. "ఏం జగన్నాథరావు, నీ ఇంటికి కడుతున్నావా?" అని ఆఫీసువాళ్ళు వెక్కిరించారు. రెండువేల ఎనిమిది మే నాటికి వంతెన లేచింది. ఏడు స్తంభాలు లేవు, మూడే. నీలంరంగు కూడా కాదు. కనక దాని మీద నడిచి, "పాతదంత సల్లగా లేదు" అని పెదవి విరిచింది.

పెద్దలంతా రిబ్బను కత్తిరించి వెళ్ళిపోయాక, జగన్నాథరావు మంగ్లునీ సోనినీ వంతెన కిందికి తీసుకెళ్ళాడు. పెద్దమనుషులెవరూ వంగి చూడని చోట, మధ్య స్తంభానికి పల్లపు వైపున, మేస్త్రీ చేత చెక్కించిన మూడక్షరాలు చూపించాడు.

"మంగ్లన్నా, అప్పుడు నీతో ఒక అబద్ధం ఆడాను. ఆ నల్లరాయి మీద వదిన పేరు లేదు."

"తెలుసు బాబూ."

"తెలుసా! ఎప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. గుంట అప్పుడు పెదబయలు హాస్టల్లో ఉండి అయిదో తరగతి సదువుతున్నాది. నువ్వు కోడి కోసరం పోనావు, ఇది కూసుని రాయి మొత్తం సదివేసినాది. మళ్ళీ సదవమన్నాను. మళ్ళీ సదివినాది. పదకొండు పేర్లు. సిట్టెమ్మ లేదు."

జగన్నాథరావు నీళ్ళ అంచున అలాగే కూర్చుండిపోయాడు. "మరి పదమూడేళ్ళు ఎందుకు ఊరుకున్నావు? ఎందుకు ఏడ్చావు ఆ రాళ్ళన్నిటికీ?"

"సెప్తే సిగ్గుపడి నువ్వు మరి రావు. మా ఊరికి రెండోపాలి వొచ్చిన సర్కారు మనిషివి నువ్వొక్కుడివే. రాయి పాతినోడు ఏడాదికోపాలి రావాల, మా దగ్గర అది కట్టుబాటు. మిగతావోళ్ళు రాలేదు. అందరి బదులూ నేను ఏడిసినాను. ఎవులైనా సిగ్గుపడతారేమోనని." మంగ్లు నవ్వాడు. "నువ్వు పడినావు."

"ఆ పుస్తకంలో సంతకం కూడా..."

"సదివాను" అంది సోని. "ఆ రోజు మీ పేరు చెప్పేద్దునే. అయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు."

"నువ్వు నా ఆడదాయి కోసరం ఒక అబద్ధం ఆడినావు" అన్నాడు మంగ్లు. "అబద్ధమే. అయితేనేటి? మంత్రి కన్నా పైన, పెద్దక్షరాల్లో పెట్టినావు దాన్ని. అప్పు ఉంచుకోకూడదు కద, నీ వంతెన కోసరం నేనొకటి ఆడినాను. వెయ్యి అబద్ధాలాడి పెళ్ళి సెయ్యమన్నారు. మనం రెండాడి వంతెన కట్టేసినాం."

జగన్నాథరావు ఏడ్చాడు. ఇన్నేళ్ళూ మంగ్లు ఏడుస్తుంటే పక్కన నిలబడి పరదా తాడు సర్దుకున్న మనిషి, ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. మంగ్లు అతన్ని ఏడవనిచ్చి, స్తంభం దగ్గరికి వెళ్ళి ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు.

"గుంటా, ఇదేటి రాసున్నాది? బాగా సూసి సదువు. ఇనస్పెట్రు బాబు సెప్పిందానికి నమ్మకం లేదు."

"చిట్టెమ్మ. నిజంగానే ఉన్నాది అయ్యా."

మంగ్లు అక్షరాల మీద వేలు చాలాసేపు తీయలేదు. తరవాత గంభీరంగా ఇటు తిరిగాడు.

"తప్పు సేసినావు బాబూ. రాయి మీద పేరు పడినాదంటే ఏటేటా దినం సెయ్యాల."

"చేద్దాం."

"సెక్కించినోడివి నువ్వు."

"తెలుసు మంగ్లన్నా. కోడి నాదే."

ఆ మాట తప్పలేదు. జగన్నాథరావు బదిలీ మీద కొండ దిగినా, తరవాత రిటైరైనా, ఫిబ్రవరి వచ్చేసరికి పాలకొండ నుంచి మూడు బస్సులు మారి కంటిగెడ్డ వెళ్తాడు. సంచీలోంచి కోడి తల బయటికి పెట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి కండక్టరు దాన్ని చూసి, "ఏటి మాస్టారూ, కొండమీద పండగా?" అనడిగాడు.

"కాదు బాబూ, తద్దినం."

"ఎవరిది?"

"మా వదినది. మేం చుట్టాలం."

కండక్టరు పాపం అన్నట్టు తలూపి, కోడికి అర టిక్కెట్టు కొట్టాడు.